మగ్గం గుంటలో మామ

మందమర్రి,
5 నవంబరు 1961

బామ్మర్ది సిద్దిరాములుకు, బావ హనుమండ్లు దీవించి రాసేది.

దసరా పోయి ఇన్నాళ్లకు గుర్తొచ్చామా అని తిట్టుకోకు. ఇల్లు క్షేమంగా చేరాము. బొగ్గుబాయిలో పని ఎక్కువైంది. నేను షిఫ్టుకు పోతే పిల్లలను పక్కింటి దేవవ్వ చూస్తున్నది.

నువ్వు సంచి నిండా ఇచ్చిన సీతాఫలాలు పెద్దపల్లి స్టేషన్ రాకముందే సగం పండాయి. మల్లవ్వ వాటిని ముందేసుకుని పక్కన కూర్చున్న ముసలమ్మకు పాఠం చెప్పింది. "కన్ను తెరువని కాయ తెంపద్దు, గుడ్డిదైతది. మా మామ చెప్పిండు." ఆరేళ్ల పిల్లను గుట్టల మీద తిప్పి ఇదంతా నేర్పావు. గుట్ట కింద ఆకులు రాజేసి కాయలు కాల్చి పెట్టావట, ఆ రుచి గురించి ఇంకా చెబుతూనే ఉంది.

మూడో ఏడు నడుస్తున్న మా లింగడి సంగతి వేరు. పండగనాడు పాలపిట్ట కనబడలేదని వాడు ఏడుస్తుంటే, నువ్వు తంగేడు పొద మీదుగా నీలం నూలు చుట్టిన కండె విసిరి "అగో పోతుంది" అన్నావు చూడు, ఆ కండెను వాడు ఇంకా విడవలేదు. పాలపిట్ట ఈక అని కాలనీ అంతా చూపిస్తున్నాడు. పైగా దాగుడుమూతలు ఆడుదామని నా ప్రాణం తోడేస్తున్నాడు. నువ్వు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో దిగి, నెత్తిమీద చద్దరు కప్పుకుని దాక్కున్నావట. వాడు ఇల్లంతా వెతికి నిన్ను దొరకబట్టాడట. రెండు గదుల క్వార్టరులో నేనెక్కడ దాక్కునేది? "బాపూ, మనింట్ల గుంట లేదా?" అని నిలదీస్తున్నాడు.

ఇక అసలు సంగతి. మీ అక్క బాలలక్ష్మి పోయి ఏడాది దాటింది. చివరి వానాకాలమంతా ఆమె మీ ఇంట్లోనే మంచాన పడి ఉంటే నువ్వూ నీ ఇల్లాలు కమలవ్వా చంటిపిల్లను చూసినట్టు చూశారు. ఆమె కోరిక ఒకటే కదా, కొడుకు పుట్టెంటికలు వేములవాడ రాజన్న దగ్గర, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయించాలని. ఈ మూడో ఏడు తప్పితే మళ్లీ ఐదో ఏడు దాకా ఆగాలి, సరి సంవత్సరం పనికిరాదు. ఇప్పటికే వాడికి దేవవ్వ జడ వేస్తున్నది. శివరాత్రికి ముందునాడు నువ్వూ కమలవ్వా నేరుగా వేములవాడకు వచ్చేయండి. మొదటి కత్తెర నీదే.

నీ బావ,
హనుమండ్లు

హుస్నాబాద్,
20 డిసెంబరు 1961

బావకు సిద్దిరాములు శనార్థులు.

తెల్లటి నూలు వదిలి నల్లటి బొగ్గు పట్టిన సాలెవాడివి మన వంశంలో నువ్వొక్కడివే. నీ ఉత్తరం మీది వేలిముద్ర చూసి కమలవ్వ ఏమన్నదో తెలుసా? "అన్న ఉత్తరం తెచ్చిన రోజు పోస్టాయన చెయ్యి కడుక్కోని పోతడు." సరే, కోటి విద్యలు కూటి కొరకే. నిన్నని నేను బాగుపడేదేమీ లేదు.

రాకుండా ఎట్లా ఉంటాను? మేనమామ పెట్టే బట్ట అంగట్లో కొంటారా ఎవరైనా? సన్న నూలు తెచ్చి లింగడికి చిన్న పంచె మొదలుపెట్టాను. ఎర్ర అంచు, ఆ అంచు నడుమ ఒక్క నీలం పోగు. అది ఎందుకో వాడికి తెలుసు. మల్లవ్వకు లంగా బట్ట తరువాత ఎక్కిస్తాను.

మల్లవ్వకు చెప్పు, మొక్కు కోడె తాడు ఆమె చేతికే ఇస్తాను. గుడి చుట్టూ తిప్పేటప్పుడు లింగడు నా భుజం మీద ఉంటాడు. జాతరలో పీకలు, పేలాలు, రంగుల బొంగరం అన్నీ నేనే కొంటాను, నువ్వు చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఎండాకాలం వస్తే మొర్రి పండ్లకు మళ్లీ గుట్టకు పోవాలి, అది కూడా మల్లవ్వకు నా మాటగా చెప్పు. ఏడ్చినా నవ్వినా లింగడి తల మాత్రం నా ఒళ్లోనే.

చలికి జర దగ్గు పట్టింది. కమలవ్వ మిరియాల కషాయం తాగించి చంపుతున్నది. జాతర నాటికి తగ్గుతుంది.

నీ బామ్మర్ది,
సిద్దిరాములు

మందమర్రి,
11 మార్చి 1962

సిద్దిరాములుకు,

దీవెన రాయడానికి చెయ్యి రావడం లేదు. నేరుగా అడుగుతున్నాను, ఎందుకు రాలేదు?

చెప్పిన పొద్దుకే వేములవాడ చేరాము. బండ్లు విప్పుకున్న వాళ్ల పక్కనే చాప వేసుకున్నాము. దేవవ్వ మూడు రాళ్లు పెట్టి బెల్లమన్నం వండింది. పిల్లల సంబరం ఏమని చెప్పను! మల్లవ్వ కోడె తాడు పట్టుకుంది. ఆమె కోడెను తిప్పిందో, కోడె ఆమెను తిప్పిందో రాజన్నకే తెలియాలి. లింగడు నా భుజం మీద నుంచి కనబడ్డ ప్రతి కోడెకూ ఒక పేరు పెట్టాడు. ఒక దానికి నీ పేరే పెట్టాడు, కొమ్ములు వంకరగా ఉన్నాయని.

అంత సంబరంలోనూ మల్లవ్వ నిన్ను వెతుకుతూనే ఉంది. తెల్ల రుమాల చుట్టుకున్న మనిషి కనబడితే చాలు, ఉరికిపోయి అంగీ పట్టుకుని "మామా" అనడం, అతను వెనక్కి తిరిగితే చిన్నబోయి రావడం. ఎంతమందిని అట్లా పిలిచిందో. చూడలేక చివరికి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

తెల్లవారి మంగలి కత్తి నూరుకుని కూర్చున్నాడు. ఇంకా జరసేపు, ఇంకా జరసేపు అని పొద్దెక్కేదాకా ఆపాను. పక్కనున్నవాళ్లు "ఎవరో ఒకల ఒళ్లె కూసుండవెట్టుండ్రి, అయిపోతది" అన్నారు. మేనమామ బతికి ఉండగా నా కొడుకు ఎవరో ఒకరి ఒళ్లో ఎందుకు కూర్చోవాలి? వాడూ ఒప్పుకోలేదు. "మామ ఒళ్లెనే" అని మట్టిలో పడి పొర్లాడు. జడతో తీసుకుపోయిన పిల్లవాణ్ణి జడతోనే తీసుకొచ్చాను. కాలనీలో పిల్లలు వాణ్ణి "జడల పోరి" అని ఏడిపిస్తున్నారు.

జబ్బు చేస్తే జబ్బని రాయి. అలిగితే దేనికి అలిగావో రాయి. ఏదీ రాయకుండా ఉండకు.

హనుమండ్లు

హుస్నాబాద్,
2 ఏప్రిల్ 1962

హనుమండ్లు బావకు,

నీ ఉత్తరం అందింది. నాకేమీ కాలేదు. బాగానే ఉన్నాను.

పిలుపు లేదు కాబట్టి రాలేదు. మేనమామను పుట్టెంటికలకు పిలిచే తీరు ఒకటుంది. గడప తొక్కి బొట్టు పెట్టి పిలవాలి. మా అక్క ఉంటే అట్లాగే పిలిచేది. నువ్వు బొగ్గు వేళ్లతో నాలుగు ముక్కలు గీకి పోస్టులో పడేశావు. పిలవని పేరంటానికి పోయే అలవాటు మా ఇంట్లో లేదు.

ఎండాకాలం పిల్లలను ఇక్కడికి పంపకు. బావి అడుగంటింది, ఇల్లు కూడా ఇరుకు. మొర్రి పండ్లు మీ దిక్కు అడవిలోనే బోలెడు, నువ్వే తీసుకుపో. వాడికని నేసిన పంచె అమ్మేశాను.

ఇంక రాయడానికి ఏమీ లేదు.

సిద్దిరాములు

మందమర్రి,
14 అక్టోబరు 1962

సిద్దిరాములుకు,

ఎండాకాలమంతా నీ మాటలు నమలలేక మింగలేక ఉన్నాను. చివరికి నీదే న్యాయం అనుకున్నాను. పిలుపు పిలుపే. నా ఇంట్లో బొట్టు పెట్టే ఆడమనిషి లేదు కాబట్టి నా బిడ్డకే కుంకుమ భరిణె చేతికిచ్చి బతుకమ్మ పండగకు మీ ఊరు తీసుకొచ్చాను. రాబోయే ఐదో ఏటికి ఇప్పుడే పిలుద్దామని. ఏడాదిన్నర ముందు పేరంటం పిలిచినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. దారి పొడవునా మల్లవ్వ ఆ మాటలు వల్లె వేసింది. "మా తమ్ముని పుట్టెంటికలు, రాజన్న దగ్గరికి అందరు రావాలె." దారిలో గునుగు పూలు కనబడితే దిగుదామని, తంగేడు కనబడితే దిగుదామని ఇద్దరూ బస్సులో నిలవలేదు.

మీ వీధి మలుపు దాకా నీ మగ్గం చప్పుడు వినిపించింది. నేను కూడా సాలెవాణ్ణే, నీ నేత చప్పుడు నాకు తెలుసు. మేము వాకిట్లోకి రాగానే అది ఆగిపోయింది.

కమలవ్వ దర్వాజకు అడ్డంగా నిలబడింది. నువ్వు బట్ట అమ్మడానికి సిరిసిల్ల పోయావని చెప్పింది. మల్లవ్వ బొట్టు పెడితే వెక్కి వెక్కి ఏడ్చింది కానీ, గడప లోపలికి రమ్మనలేదు. పిల్లలకు బయట అరుగు మీద విస్తరాకులు వేసి మలీద ముద్దలు పెట్టింది. నీళ్లు పక్కింటి చెంబుతో తెచ్చి ఇచ్చింది. మీ అక్క పిల్లలు మీ ఇంటి అరుగు మీద బిచ్చగాళ్లలా తిన్నారు.

లింగడు నా చెవిలో ఏమన్నాడో తెలుసా? "బాపూ, మామ గుంటల దాక్కున్నడు. నేను పోయి దొరకబట్టన్నా?" పోబోతే కమలవ్వ రెండు చేతులూ చాచి ఆపింది. బస్సులో కూడా అదే గోల. "ఇంక జరసేపు ఉంటే దొరకబట్టేటోన్ని గదనే." వాడికది ఆట. నాకు తెలుసు అది ఆట కాదని.

అక్కను బొగ్గు ఊరికి తీసుకుపోయి చంపానని నీ మనసులో ఉంది. ఉంటే ముఖం మీద అనాల్సింది. పిల్లల నుంచి దాక్కుంటావా? ఇక నీ గడప తొక్కను. వాడికి మేనమామ లేడనే అనుకుంటాను.

హనుమండ్లు

హుస్నాబాద్,
9 నవంబరు 1962

బావా,

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లు ఊరుకున్నాను. నీ ఉత్తరంలో తిట్లన్నీ ఓర్చుకున్నాను. లింగడి మాట ఒక్కటి ఓర్చుకోలేకపోయాను. వాడు చెప్పింది నిజం. నేను గుంటలోనే ఉన్నాను.

శివరాత్రికి వారం ముందు దగ్గులో రక్తం పడ్డది. కరీంనగరం పోతే ఫోటో తీసి క్షయ అన్నారు. డాక్టరును నేను మొట్టమొదట అడిగింది ఒకటే, పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా అని. "ఆ పని మాత్రం చెయ్యకు" అన్నాడు. నాకప్పుడు చావు భయం కూడా కలగలేదు బావా, ఆ మాటకే ఏడుపొచ్చింది.

వేములవాడకు రాలేదని రాశాను కానీ, అది నిజం కాదు. వచ్చాను. కోడెల వరుస అవతల, మూతికి రుమాల కట్టుకుని నిలబడ్డాను. దూరం నుంచి ఒకసారి చూసి పోదామని. మల్లవ్వ నా పక్క మనిషి అంగీ పట్టుకుని "మామా" అన్నది. నేను మొహం తిప్పుకున్నాను. లింగడు మట్టిలో పొర్లుతుంటే చూడలేక బస్సెక్కాను.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, అక్కకు వచ్చిందే నాకూ వచ్చింది. మనమందరం లోపలి జ్వరం అనుకున్నాం, అది ఇదే. ఆమె ఆఖరి రోజుల్లో పక్క ఎత్తింది, తల పట్టుకుని నీళ్లు తాగించింది నేనే. నీకు తెలిస్తే, నా ఇంటి రోగం వాళ్లింటికి పోయిందని నిన్ను నువ్వు తినుకుంటావు. దానికంటే కోపమే నయమనుకున్నాను. కోపం వస్తే పిల్లలను పంపవు కదా అని ఆ బొట్టు మాట తెచ్చాను. నీకు తగలాలనే అక్క పేరెత్తాను. బాగానే తగిలింది.

అక్కకు చేసినందుకు నాకు బాధ లేదు. మళ్లీ అయినా చేస్తాను.

మీరు వచ్చిన రోజు పడుగు పోగుల సందులోంచి లింగడి జడ కనబడింది. ఎర్ర రిబ్బను కట్టారు. "మామ గుంటల దాక్కున్నడు" అనే మాట నాకూ వినబడింది. దగ్గు రాకుండా చద్దరు నోట్లో కుక్కుకున్నాను.

నీ బామ్మర్ది,
సిద్దిరాములు

మందమర్రి,
18 నవంబరు 1962

తమ్మీ సిద్దిరాములూ,

నీ ఉత్తరం షిఫ్టుకు పోయే ముందు చేతికి వచ్చింది. బాయి లోపల చీకట్లో ఏడ్చాను. పైకి వచ్చాక మొహం మీది చారలు చూసి మా మేస్త్రి నీళ్లు ఇచ్చాడు.

నేను రాసిన మాటలను వెనక్కి తీసుకునే దారి లేదు. ఆ ఉత్తరం పొయ్యిలో పెట్టు.

సూదులు మానకు. పాలు, గుడ్లు తిను. ఖర్చు ఫికర్ పెట్టుకోకు, నేనున్నాను. ఐదో ఏడు వచ్చేదాకా వాడి జుట్టు ముట్టుకోనివ్వను. ఆ లోపల నువ్వు కోలుకుంటావు, వాడు నీ ఒళ్లోనే కూర్చుంటాడు. ఆడపిల్ల అన్నవాళ్లను మల్లవ్వ చూసుకుంటుంది, నిన్న ఒకణ్ణి మురికి మోరీలో తోసింది.

మామకు ఏమైందని పిల్లలు అడిగారు. రోగమని చెప్పడానికి నోరు రాలేదు. "మామ ఇంకా దాక్కునే ఉన్నడు, ఆట అయిపోలే" అన్నాను. తప్పు చేశానో ఏమో. లింగడు మాత్రం చాలా సంతోషపడ్డాడు.

నీ బావ,
హనుమండ్లు

కొండ మీది దవాఖాన నుంచి,
20 జనవరి 1964

బావకు శనార్థులు.

రాత వంకరగా ఉంటే నవ్వకు, పడుకుని రాస్తున్నాను. ఏడాది సూదులు పొడిపించుకున్నా రోగం వినలేదు, వానాకాలంలో ఇక్కడికి తెచ్చి పడేశారు. నడుమ రాసిన ఉత్తరాలన్నీ మందుల సంగతులే. ఈసారి వేరే సంగతి రాస్తున్నాను.

శివరాత్రి దగ్గరికి వచ్చింది. నేను రాలేను. మంచం దిగవద్దన్నారు. నా కోసం ఆపకు. ఈ ఏడు తప్పితే ఏడో ఏడు దాకా వాడు జడతో తిరగాలి, నేనేమో అంతదాకా ఉండను.

ఆ పంచె అమ్మానన్నది అబద్ధం. పెట్టెలోనే ఉంది కానీ వాడికి పొట్టిదైపోయింది. ఇక్కడికి వచ్చేముందు కొత్తది నేశాను. దగ్గు వచ్చినప్పుడల్లా ఆగి నేసినందుకు అక్కడక్కడ నేత వదులుగా ఉంటుంది. సాలెవాడివి, నీ కంటికి దొరుకుతుంది. ఎవరికీ చూపించకు, నా పరువు పోతుంది. కమలవ్వ దాన్ని చాకలి ఉబ్బలో మసిలే ఆవిరికి రెండుసార్లు పెట్టించింది, భయం లేదు.

ఆమె పంచె తీసుకుని వేములవాడకు వస్తుంది. దాన్ని నీ ఒళ్లో పరిచి, దాని మీద వాణ్ణి కూర్చోబెట్టు. అదే నా ఒడి. మొదటి కత్తెర కమలవ్వ పెడుతుంది. మంగలి సంప్రదాయం కాదంటే, ఆ సంప్రదాయం కోసం ఒక మేనమామ మంచాన పడి ఎట్లా తపిస్తున్నాడో వచ్చి చూసిపొమ్మను.

అంతా అయ్యాక నాకు రాయి. ఏం వండారు, ఏ కోడెను తిప్పారు, ఎవరు ఏడ్చారు, అన్నీ. ఇక్కడ కిటికీలోంచి గుట్ట కనబడుతుంది. సీతాఫలం చెట్లు ఉన్నాయి. కాయలు కన్ను తెరిచి, పండి రాలిపోయినా తెంపే పిల్లలు రాలేదు.

సిద్దిరాములు

మందమర్రి,
16 ఫిబ్రవరి 1964

తమ్మీ సిద్దిరాములుకు, బావ హనుమండ్లు, మల్లవ్వ, లింగడు అందరం కలిసి రాసేది.

నువ్వు అడిగినట్టే మొదటి నుంచి రాస్తాను.

కమలవ్వ మాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఈసారి కూడా బెల్లమన్నమే, కొంచెం మాడింది. మల్లవ్వకు తొమ్మిదో ఏడు కదా, వండుతానని తానే కూర్చుంది. కోడె తాడు తమ్ముని చేతికిచ్చి వెనక నుంచి తాను పట్టుకుంది. వంకర కొమ్ముల కోడె కోసం లింగడు వరుసంతా వెతికాడు. అట్లాంటిదే ఒకటి దొరికితే "సిద్దిరాములు మళ్ల అచ్చిండు" అని గంతులేశాడు. నువ్వు చెప్పిన రంగుల బొంగరం కొన్నాను. నీ పేరు చెప్పే ఇచ్చాను.

తెల్ల రుమాలల వైపు మల్లవ్వ ఈసారి పోలేదు. పంచె విప్పి నా ఒళ్లో పరుస్తూ, నేత వదులుగా ఉన్నచోట వేలు పెట్టి నావైపు చూసింది. మొహం కడుక్కుని వస్తానని లేచిపోయి చాలాసేపటికి వచ్చింది. దానికి అంతా అర్థమైంది తమ్మీ. లింగడికి మాత్రం చెప్పలేదు.

లింగడు కూర్చోనని మొండికేశాడు. "మామ ఒళ్లె" అన్నాడు. అంచులో నీలం పోగు చూపించి "ఇది మామ ఒడే" అన్నాను. దాన్ని వేలితో మెల్లగా రాసి చూశాడు. పాలపిట్ట అన్నాడు. కూర్చున్నాడు. మంగలి ఏమీ అనలేదు, పాపం. కమలవ్వ కత్తెర బాగానే పెట్టింది. తీసిన మొదటి వెంట్రుకలు కొంగున ముడివేసుకుంది. మొక్కు తీరింది. మీ అక్క ఎక్కడున్నా చూసే ఉంటుంది. వాడు ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఇక అసలు సంగతి.

గుండు మీద గంధం పూశాక వాడు మా దగ్గర నిలవలేదు. మంటపంలో ప్రతి స్తంభం వెనకా తొంగి చూశాడు. కట్టేసిన కోడెల నడుమ వంగి వెతికాడు. ఎవరివో బండ్ల కింద కూడా దూరాడు. ఎవరి కోసమో నాకు తెలుసు, ఆపలేకపోయాను. ఏడాదికి పైగా వాడికి ఆ ఆట అట్లాగే నడుస్తున్నది. నేనే నడిపించాను.

పొద్దుగూకేటప్పుడు కొత్త పంచె అంతా మట్టి చేసుకుని వచ్చి నా పక్కన కూలబడ్డాడు. "బాపూ, మామకు ఉత్తరం రాయి" అన్నాడు. ఏమని రాయాలిరా అంటే, వాడు చెప్పిన మాట చెప్పినట్టే రాస్తున్నాను.

"మామా, నువ్వు మస్తు దాక్కున్నవు. నేను అంతటా దేవులాడిన, దొరకలే. నేనే ఓడిపోయిన. ఇగ బయిటికి రా."

నీ బావ,
హనుమండ్లు